గ్రెసెన్‌హాల్ పొలమూ, బీదల పనిశాలా



ఈ పూట మిమ్మల్ని ఒక మ్యూజియానికి తీసుకొనిపోదామని ఉన్నది. మ్యూజియం అనగానే రాజుల కత్తులు, డాళ్లు, అద్దాల బీరువాలలోని నగలు మీకు తోచవచ్చును. ఇది అటువంటిది కాదు. ఇక్కడ ఉన్నవి నాగళ్లు, గొర్లు, కొడవళ్లు, బండ్లు. వాటి పక్కనే దున్నే పొలమూ, మేసే గొర్రెలూ ఉన్నవి. అనగా మన బోటివాళ్ల చరిత్రను దాచిపెట్టిన చోటు అన్నమాట.

ఇంగ్లండు దేశానికి తూర్పు వైపున నార్‌ఫోక్ అనే జిల్లా ఉన్నది. అందులో డెరెహామ్ అనే చిన్న పట్టణం, దానికి కొద్ది మైళ్లలో గ్రెసెన్‌హాల్ అనే పల్లె. 1976లో ఇక్కడ గ్రామజీవన మ్యూజియం తెరిచినారు. దానిని ఆనుకొని 'యూనియన్ ఫారం' అనే సేద్యపు క్షేత్రం ఉన్నది. ట్రాక్టర్లు రాకముందు అక్కడి రైతు ఏ తీరున సేద్యం చేసేవాడో ఆ తీరుననే గుర్రాలను కట్టి చేసి చూపిస్తారు. పిల్లలూ పెద్దలూ వచ్చి చూచిపోతారు.

అయితే ఆవరణలో అడుగుపెట్టగానే మొదట కంటికి ఆనేది పొలం కాదు. ఎర్ర ఇటుకలతో కట్టిన మహా పెద్ద భవనం. ఏ జమీందారు మేడో అనుకొంటాం. కాదు. అది బీదల పనిశాల. పని దొరకనివారూ, పని చేయలేనివారూ, దిక్కులేనివారూ తలదాచుకొన్న ఇల్లు. ఒకే ఆవరణలో ఒక పక్క పంటచేను, ఒక పక్క బీదల ఇల్లు. ఈ రెండూ ఒకచోటికి ఎందుకు వచ్చినవి? ముందు పొలం చూచి, తరువాత ఆ ఇంట్లోకి పోదాం.

నార్‌ఫోక్‌లో చాలా భాగం తేలిక నేలలు, ఇసుక పాలు ఎక్కువ. పూర్వం ఒకటి రెండు పంటలు తీసి, ఒక సంవత్సరం నేలను బీడు పెట్టేవారు. బీడు పెట్టిన ఏడు తిండి లేదు, పెట్టకపోతే నేలలో సారం లేదు. ఈ చిక్కుకు అక్కడివారు కనిపెట్టిన విరుగుడు నాలుగేళ్ల పంట మార్పిడి. దీనినే నార్‌ఫోక్ పద్ధతి అంటారు.

మొదటి ఏడు గోధుమ. రెండవ ఏడు టర్నిప్. ఇది మన ముల్లంగికి చుట్టమైన గుండ్రటి దుంప. దీనిని సాళ్లలో వేస్తే మధ్యలో దంతె తోలినట్లు గొప్పు తవ్వి కలుపు తీయవచ్చును. చలికాలంలో గొర్రెలను ఆ చేలోనే దడి కట్టి ఉంచి దుంపలు మేపేవారు. మేత మేతా అయ్యేది, పెంట పెంటా అయ్యేది. మనం చేలో గొర్రెల మంద పెట్టించడం వంటిదే ఇదీ. మూడవ ఏడు బార్లీ. ఆ బార్లీ చేలోనే అడుగున క్లోవర్ గింజలు చల్లేవారు. బార్లీ కోసేసరికి క్లోవర్ పైకి లేచేది. నాలుగవ ఏడు ఆ క్లోవరే పశువులకు మేత. దానిని దున్ని మళ్లీ గోధుమ. నేల ఒక్క ఏడూ ఊరికే పడి ఉండదు.

క్లోవర్ అంటే ఏమిటో అనుకొనేరు. మన పిల్లిపెసర, జనుము మాదిరి కాయజాతి మొక్క. మీలో పాడి ఉన్నవారు వేసే బర్సీము గడ్డి దాని జాతిదే. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు కొద్ది రోజుల ముందు పదును మీద మినుములు, పెసలు చేలో చల్లుతారు గదా? ఎదిగిన పైరు కింద ఇంకొక పైరుకు పాదు వేయడం. ఆలోచిస్తే నార్‌ఫోక్ రైతు బార్లీ కింద క్లోవర్ చల్లినదీ ఆ ఉపాయమే.

ఇందులో ఒక వింత ఉన్నది. క్లోవర్ తరువాత గోధుమ ఎందుకు బాగా పండుతున్నదో ఆ రోజులలో ఎవరికీ తెలియదు. కాయజాతి మొక్కల వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తవని హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మనీ శాస్త్రజ్ఞులు రుజువు చేసినది 1886-1888 మధ్య. అంటే శాస్త్రం కారణం చెప్పక ముందు నూరేళ్లకు పైగా రైతు ఆ ఫలం అనుభవిస్తూనే ఉన్నాడు. రైతు చేసే పనికి కారణం మనకు తెలియనంత మాత్రాన అది మూఢనమ్మకమని తోసివేయరాదని నా వంటి విస్తరణాధికారులు జ్ఞాపకం ఉంచుకోవలసిన మాట ఇది.

ఇక పేరు ఎవరికి వచ్చినదో చూడండి. టౌన్‌షెండ్ ప్రభువు అనే ఆయన 1730లో మంత్రి పదవి వదలి నార్‌ఫోక్‌లోని తన రేనమ్ ఎస్టేటుకు వచ్చి ఈ సాగును ప్రచారం చేసినాడు. టర్నిప్‌ను గూర్చి ఆయన చేసిన బోధకు 'టర్నిప్ టౌన్‌షెండ్' అని పేరే పడినది. బడి పుస్తకాలలో ఈ పద్ధతికి ఆయనే కర్త అని చాలా కాలం రాసినారు. తరువాత చరిత్రకారులు పాత లెక్కలు, వీలునామాలు తిరగవేస్తే, ఆయన పుట్టకముందే 17వ శతాబ్దంలో మామూలు రైతులు ఆ ప్రాంతంలో టర్నిప్ వేస్తూ ఉన్నట్లు తేలినది. ప్రభువుగారు చేసిన మేలు చిన్నది కాదు, పది మందికీ చాటినాడు. అయినా పద్ధతి మాత్రం పేరు తెలియని రైతులది.

రెండవ పెద్దమనిషి హోల్కమ్ ఎస్టేటుకు చెందిన థామస్ విలియం కోక్. ఆయన ఏటేటా గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులలో రైతులను పిలిచి కొత్త పశువులను, పైర్లను చూపేవాడు. అవి ఇప్పటి కిసాన్ మేళాలకు అన్నగార్ల వంటివి. 1821 దాకా సాగినవి. వాటికంటె ముఖ్యమైన సంగతి కౌలు. హోల్కమ్‌లో చాలా కౌళ్లు 21 సంవత్సరాలకు రాసి ఇచ్చేవారు. ఫలానా విధంగా పంట మార్చవలెనని షరతులు కూడా ఉండేవి. 21 ఏళ్లు నేల తన చేతిలో ఉంటుందని తెలిసిన కౌలుదారు సున్నపు మట్టి తవ్వి తోలించేవాడు, పశువుల కొట్టం వేసేవాడు, నాలుగేళ్ల మార్పిడికి ధైర్యం చేసేవాడు.

మన సంగతి చూచుకొందాం. ఎన్నో ఊళ్లలో కౌలు నోటి మాట మీదే, అదీ ఒక ఏటికే. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు రాతపూర్వకమైన ఒప్పందానికి దారి చూపినది, మంచిదే. కాని ఆ ఒప్పందానికి పెట్టిన గడువు 11 నెలలు. భూమి పోతుందేమోనని యజమానికి ఉండే భయం పోగొట్టటానికి అట్లా పెట్టినారు. 11 నెలల కౌలుదారును పట్టుకొని, "ఏమయ్యా, చెరువు మట్టి తోలించవేం? జీలుగ వేసి కలియదున్నవేం?" అని అడిగితే అతడు నవ్వక ఏం చేస్తాడు? మట్టి తోలిన ఫలం మూడేళ్లకు గదా అందేది!

ఇప్పుడు పనిముట్ల కొట్టంలోకి రండి. గుర్రం లాగే విత్తనపు గొర్రు ముందు ఒక్క నిమిషం ఆగుదాం. జెత్రో టల్ అనే ఇంగ్లీషు రైతు 1701 ప్రాంతంలో గొర్రు తయారు చేసినాడని ఆ దేశంలో గొప్పగా చెప్పుకొంటారు. సరే. 1790ల నాటికి మన గుంటూరు ప్రాంతంలో కాప్టెన్ హాల్కాట్ అనే తెల్లదొర ఉండేవాడు. ఒకనాడు గుర్రం మీద పొలాల వెంట పోతూ రైతు గొర్రు తోలడం చూచినాడు. జడ్డిగంలో గింజలు వదలితే గొట్టాల వెంట సాలులో పడుతున్నవి. గొర్రు అనేది యూరపువారి కొత్త కల్పన అని అంతవరకూ అనుకొన్న ఆ దొర, విచారించి, ఇక్కడ ఎప్పటి నుండో వాడుకలో ఉన్నదని తెలుసుకొని ఆశ్చర్యపోయినాడు. ఆయన రాసిన సంగతులను లండనులోని వ్యవసాయ బోర్డు 1797లో అచ్చు వేయించినది. నేర్పటానికి వచ్చినవాడు నేర్చుకొని పోయినాడు.

తరువాత నూరేళ్లకు ఇంగ్లండు వ్యవసాయ సంఘంలో రసాయన శాస్త్రజ్ఞుడైన వోల్కర్ మన దేశానికి 1889లో వచ్చి ఊరూరా తిరిగి 1893లో నివేదిక అచ్చు వేసినాడు. భారతదేశపు మంచి రైతు ఇంగ్లండు సామాన్య రైతుకు తీసిపోడనీ, అతనికి లేనిది తెలివి కాదు, సాధన సంపత్తి అనీ ఆయన తేల్చినాడు. అందుచేత గ్రెసెన్‌హాల్‌ను చూచి మనం చిన్నబోవలసినది ఏమీ లేదు.

కొట్టం దాటితే పశువుల దొడ్డి. ముదురు గోధుమ రంగులో, పొట్టి కాళ్లతో, బలిసిన మెడతో ఉండే సఫోక్ పంచ్ గుర్రాలే ఆ ప్రాంతపు బరువు నేలలను తరతరాలుగా దున్నినవి. ఈ జాతిలో ఇప్పుడు ఉన్నవన్నీ 1768లో పుట్టిన ఒక్క పోతు గుర్రం సంతతి. ట్రాక్టరు వచ్చినాక రైతులు వీటిని వదిలించుకొన్నారు. 1966లో ఆ జాతిలో కొత్తగా నమోదైన పిల్లలు తొమ్మిది అంటే తొమ్మిది. నార్‌ఫోక్ కొమ్ముల గొర్రె కథ ఇంకా విచారకరం. బీద నేలలో బతికే ఆ మొండి గొర్రెకు వేరే జాతి పొట్టేలును దాటించి సఫోక్ గొర్రెను తయారు చేసినారు. సఫోక్ లోకమంతా పాకినది, దాని తల్లిజాతి 1970ల తొలి నాళ్లకు దాదాపు అంతరించిపోయినది. మిగిలిన నెత్తురును పోగుచేసి, సఫోక్‌తో కలిపి, వెనకకు మరల్చి మళ్లీ నిలబెట్టవలసి వచ్చినది. పనికిరాదని ఈ వేళ దొడ్డి నుండి తోలివేసినది రేపు కావాలంటే సంతలో దొరకదు.

సరే, పొలం చూచినాం. ఇప్పుడు ఆ ఎర్ర ఇటుకల ఇంట్లోకి పోదాం.

కోక్ దొరగారికి హోల్కమ్ ఎస్టేటు చేతికి వచ్చినది 1776లో. గ్రెసెన్‌హాల్‌లో ఈ బీదల ఇల్లు కట్టి ముగించినది 1777లో. రెండూ ఒకే జిల్లాలో, ఒకే కాలంలో. ఇది గుర్తు పెట్టుకోండి. దేశమంతా మెచ్చుకొనే సేద్యం వృద్ధి అవుతున్న రోజులలోనే, ఆ సేద్యం చేసే కూలివారికోసం ఇంత పెద్ద ఇల్లు కట్టవలసి వచ్చినది.

కారణం ఏమిటి? ఊరుమ్మడి బంజర్లను పార్లమెంటు చట్టాలతో కంచెలు వేసి పంచుకొన్నారు. దస్తావేజులున్న పెద్ద రైతుకు చేను పెరిగినది. ఆ బంజరులో ఆవునూ, నాలుగు బాతులనూ మేపుకొని, పుల్లలు ఏరుకొని బతికే కూలివానికి ఏ దస్తావేజూ లేదు. ఉన్న ఆధారం పోయినది. కొత్త సేద్యాన్ని ఊరూరా పొగిడి రాసిన ఆర్థర్ యంగ్ అనే రచయిత కూడా, బీదలకు ఇందులో అన్యాయం జరిగినదని 1801లో ఒప్పుకొని, వారికి కొంత నేల ఇవ్వవలెనని రాసినాడు.

దాని వెనుక నూర్పిడి యంత్రం వచ్చినది. అంతకు ముందు చలికాలమంతా కళ్లపు కొట్టంలో కర్రలతో కంకులు కొట్టి నూర్చడం కూలివానికి ఉండే ఒకే ఒక పని. యంత్రం దానిని ఊడ్చుకొనిపోయినది. 1830లో దక్షిణ, తూర్పు ఇంగ్లండులలో కూలివారు గుంపులు గుంపులుగా లేచి ఆ యంత్రాలను విరగగొట్టినారు. నార్‌ఫోక్‌లో నార్త్ వాల్షమ్ ప్రాంతపు న్యాయాధికారులైతే ఆ యంత్రాలను వాడవద్దని భూస్వాములకు తామే సలహా ఇచ్చినారు. కాని ప్రభుత్వం ఊరుకోలేదు. దేశం మొత్తం మీద 19 మందిని ఉరితీసినారు, 480 మందికి పైగా ఓడలెక్కించి ఆస్ట్రేలియా దీవాంతరాలకు పంపినారు.

నాలుగేళ్లకు, 1834లో, కొత్త బీదల చట్టం వచ్చినది. ఒళ్లు బాగున్నవాడికి ఇంటి దగ్గర సహాయం ఇవ్వరాదు, కావాలంటే పనిశాలలోకి రావలెను. అక్కడి బతుకు బయటి అతి బీద కూలివాని బతుకుకంటె హీనంగా ఉండవలెను. ఇదీ దాని సారం. గ్రెసెన్‌హాల్ ఇల్లు అంతకు ముందు కొంత మెరుగు, కుటుంబాలు కలిసి ఉండే వీలు ఉండేది. కొత్త చట్టం తరువాత మొగవారిని ఒక వైపు, ఆడవారిని ఒక వైపు, పిల్లలను మరొక వైపు వేరు చేసి గోడలు పెట్టినారు. పెళ్లి కాకుండా తల్లులైన ఆడవారికి గుర్తు తెలిసేటట్లు వేరే జాకెట్టు తొడిగించినారు. అరవై ఏళ్లు చేనిలో వంగిన ముసలివాడు చేతకానినాడు ఈ గుమ్మం ఎక్కేవాడు. గుమ్మం దాటగానే అతని భార్య ఆ పక్కకు, అతడు ఈ పక్కకు.

ఇది లెక్కలలో అర్థం కాదు. ఒక మనిషి కథ చెబుతాను. ఈ జిల్లాలోనే మార్షమ్ అనే ఊళ్లో 1850లో జార్జి ఎడ్వర్డ్స్ పుట్టినాడు. తండ్రి వ్యవసాయ కూలి. 1855లో ఒక చలికాలపు రాత్రి తండ్రి పనిచేసి వస్తూ, ఇంట్లో బిడ్డలకు తిండిలేక, చేలో నుండి ఐదు టర్నిప్ దుంపలు జేబులో వేసుకొని వచ్చినాడు. పట్టుకొన్నారు. 14 రోజుల కఠిన శిక్ష వేసినారు. తల్లి, పిల్లలు ఐల్షమ్ పనిశాల పాలైనారు.

చూచినారా? ఏ దుంప నార్‌ఫోక్ సేద్యానికి దేశమంతటా పేరు తెచ్చినదో, ఏ దుంప పేరు ఒక ప్రభువుకు బిరుదు అయినదో, ఆ దుంప ఐదు కాయలు కూలివానిని జైలుకు పంపినవి. గొర్రెకు చేలో దడి కట్టి మేపిన మేత, ఆ చేలో పనిచేసినవాని బిడ్డకు లేదు. పంట పండకపోవడం వల్ల కాదు సుమండీ, పండిన చేనిలోనే ఈ సంగతి జరిగినది.

ఆ జార్జి ఆరేళ్లకే చేలో కాకులను తోలే పనికి పోయినాడు. బడి మొహం ఎరగడు. పెళ్లయిన తరువాత భార్య షార్లెట్ దగ్గర అక్షరాలు దిద్దుకొన్నాడు. 1906లో తూర్పు జిల్లాల వ్యవసాయ కూలీలకు, చిన్న రైతులకు కలిపి సంఘం పెట్టినాడు. పనిశాల పాలైన ఆ బిడ్డ 1920లో పార్లమెంటు సభ్యుడైనాడు. వయస్సు చెల్లినవారికి పింఛను 1909 నుండి ఇవ్వడం మొదలైనది. 1948లో బీదల చట్టం రద్దయినది. గ్రెసెన్‌హాల్ ఇల్లు ఆ తరువాత కొంత కాలం ముసలివారి ఆశ్రమంగా ఉండి, చివరకు మ్యూజియం అయినది. ఆ మ్యూజియం వారిని ఇందుకు మెచ్చుకోవలెను: నాగలిని తుడిచి మెరుగుపెట్టి చూపి ఊరుకోలేదు, నాగలి పట్టిన చేయి చివరకు ఎక్కడ చేరినదో ఆ గదినీ తెరిచి ఉంచినారు.

ఎద్దు ఏడ్చిన సేద్యం, రైతు ఏడ్చిన రాజ్యం నిలవవని మన పెద్దల మాట. కూలివాడు ఏడ్చిన చేను కూడా అంతేనని గ్రెసెన్‌హాల్ చెబుతున్నది.

ఇదంతా విని, యంత్రం వద్దంటావా అని మీరు అడగవచ్చును. అనను. వరికోత యంత్రం గంటలలో చేను కోసి పెడుతుంటే, తుపాను కబురు వచ్చిన రోజున దాని విలువ మీకే తెలుసును. కోతలకు మనుషులు దొరకని ఊళ్లూ ఉన్నవి. నేను అనేది ఒక్కటే. ఒక కొత్త పద్ధతి ఊళ్లోకి వచ్చినప్పుడు "ఎకరానికి ఎన్ని బస్తాలు పెరుగును?" అని ఒక్క ప్రశ్న వేసి లేచిపోవద్దు. ఇంకా మూడు ప్రశ్నలు ఉన్నవి. ఈ సంగతి ఊళ్లో ఎవరికైనా ముందే తెలుసునా, వారిని అడిగినామా? పెట్టుబడి పెట్టే కౌలుదారు దీని ఫలం అందుకొనేదాకా నేల అతని చేతిలో ఉంటుందా? ఇంతవరకు ఈ పని చేసి బతికినవారు రేపటి నుండి ఏ పని చేసి బతకవలెను? విస్తరణ మిత్రులారా, ఈ మూడింటికీ జవాబు మన కరపత్రాలలో ఉండదు. అరుగు మీద కూర్చొని మాట్లాడితేనే దొరుకును.

చివరగా ఒక చిన్న పని చెప్పి ముగిస్తాను. మీ అటకల మీద గొర్రు, జడ్డిగం, గుంటక, దంతె, పాత కొడవళ్లు చెదలు తింటూ ఉంటవి. పొయ్యిలో పెట్టకముందు వాటిని దించి ఊరి బడిలో ఒక గదిలో చేర్చండి. ఒక్కొక్కదాని పేరు, దాని భాగాల పేర్లు మీ ఊళ్లో ఏమని పిలుస్తారో పెద్దవారిని అడిగి పిల్లల చేత రాయించండి. దానితోపాటు ఆ నాగలి పట్టిన పాలేరుకు ఆ రోజులలో ఏడాదికి ఎన్ని బస్తాల గింజలు కొలిచేవారో, నాట్లు వేసిన ఆడకూలికి ఏమిచ్చేవారో, ముసలితనంలో వారిని ఎవరు చూచినారో, అది కూడా రాయించి నాగలి పక్కనే అంటించండి. రెండవ కాగితం లేకపోతే మొదటి కాగితం సగం చరిత్రే.